రేసు మధ్యలో సైకిల్ మొరాయిస్తే: వెంట ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి

2024 జూలై 29న పారిస్ ఒలింపిక్స్ పురుషుల మౌంటెన్ బైక్ రేసులో టామ్ పిడ్‌కాక్ ముందు చక్రంలో గాలి దిగిపోయింది. ఎలాగో రిపేరు సాయం దొరికే చోటైన టెక్ జోన్ దాకా లాక్కొచ్చి, చక్రం మార్పించుకుని బయటపడేసరికి తొమ్మిదో స్థానం. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ అందుకుంటూ, ఆఖరి ల్యాప్‌లో విక్టర్ కొరెట్జ్‌కీని దాటి స్వర్ణం పట్టుకెళ్లాడు. దానికి పన్నెండేళ్ల ముందు లండన్‌లో, వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి వచ్చిన జూలియన్ అబ్సలోన్‌కి ఆదిలోనే హంసపాదు. రేసు మొదట్లోనే పంక్చర్, ఆ తర్వాత రేసు నుంచి నిష్క్రమణ. 2016 రియోలో పీటర్ సాగన్ వెనక వరుసల్లో మొదలై తొలి ల్యాప్‌లోనే ముందువాళ్లలోకి దూసుకొచ్చాడు. ఆ తర్వాత పంక్చర్ అయింది, 35వ స్థానంతో సరిపెట్టుకున్నాడు.

వాళ్ల కోసం జోన్‌లో చక్రం పట్టుకుని ఓ మనిషి నిలబడి ఉంటాడు. మనకు ఉండడు. మన జేబులో ఉన్నదే మన మెకానిక్. అందుకే ఏ పనిముట్టు తీసుకెళ్లాలన్న ప్రశ్నను నేను టైరు ఎంపికంత సీరియస్‌గా తీసుకుంటాను.

ఇన్నేళ్లుగా రేసుల్లో ఆగి, బాగుచేసుకుని, కొన్నిసార్లు బాగుచేసుకోలేక సైకిల్ భుజాన వేసుకుని నడిచాక నాకు అర్థమైనది ఒకటే. రేసులో ఆదుకునే పనిముట్లు రెండు జాతులు. ఒకటి, చిటికెలో పని చేసి ఒక్కసారితో అయిపోయేది. రెండోది, నెమ్మదిగా పని చేసినా ఎన్నిసార్లయినా చేసేది. గాలి సిలిండర్ మొదటి జాతి, చేతి పంపు రెండో జాతి. ఏది మంచిదని ఎవరైనా అడిగితే, ఎంత పొడవు రేసు అని నేను ఎదురు అడుగుతాను. పొట్టి రేసులో మొదటి జాతి చాలు. రేసు పొడవయ్యేకొద్దీ రెండో జాతి లేకుండా బయల్దేరడం తప్పు. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు మీ రేసు ఏదో చూసుకోండి

షార్ట్ ట్రాక్ రేసు ఇరవై నిమిషాలకు కాస్త అటూఇటూ. అందులో బాగుచేసుకోవడానికి ఆగితే మళ్లీ అందుకోవడం ఉండదు. ఏమీ తీసుకెళ్లకండి. క్రాస్‌కంట్రీ ఒలింపిక్ తరహా రేసు, అంటే నాలుగైదు కిలోమీటర్ల ల్యాప్ చుట్టూ గంటన్నర సేపు సాగేది, వేరే లెక్క. అక్కడ రెండు నిమిషాల్లో ముగిసే రిపేరు చేసుకుంటే రేసు ఇంకా మీదే. మారథాన్ రేసు 60 కిలోమీటర్ల నుంచి 160 దాకా ఉండొచ్చు. అందులో పది నిమిషాల రిపేరు కూడా లాభమే, ఎందుకంటే రిపేరు చేసుకోలేనివాడు ఇంటికి నడవాలి.

నిబంధనలు కూడా ఎంపికను మారుస్తాయి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కింద జరిగే క్రాస్‌కంట్రీ రేసుల్లో బయటివాళ్ల సాయం టెక్ జోన్‌లో మాత్రమే తీసుకోవాలి. మీ పనిముట్లు మీరు మోసుకెళ్లొచ్చు, మీరే దారి పక్కన బాగుచేసుకోవచ్చు. సైకిల్ మార్చేయడం కుదరదు. హ్యాండిల్‌కి కట్టిన నంబర్ ప్లేటుతో ఎలా బయల్దేరారో అదే ప్లేటుతో గీత దాటాలి. కాబట్టి జోన్‌లో మీ మనిషి ఉంటే అతని దగ్గర చక్రాలు, చైను, గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ ముక్క పెట్టి మీరు తేలిగ్గా వెళ్లొచ్చు. ఎవరూ లేకపోతే ఆ బరువంతా మీదే. జంటగా తొక్కే కేప్ ఎపిక్ లాంటి రేసుల్లో ఇద్దరూ రెండు నిమిషాల దూరంలోనే ఉండాలన్న నియమం ఉంది. దాన్ని నేను వరంగా చూస్తాను. ఒకరు ట్యూబు, పంపు మోస్తే మరొకరు చైను, హ్యాంగర్ సంగతి చూసుకోవచ్చు. ఇద్దరూ అవే వస్తువులు మోసుకోవడం ఎంత వృథానో, ఇద్దరూ ఒకదాన్నే మర్చిపోవడం అంత ప్రమాదం. ముందురోజు కూర్చుని పంచుకోండి.

పంక్చర్: ప్లగ్గా, ట్యూబా, ఇన్సర్టా

రేసులో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం టైరుదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మీరు ట్యూబ్‌లెస్‌లోనే, అంటే లోపల ట్యూబు లేకుండా చిల్లులు మూసే సీలెంట్ ద్రవం పోసిన టైర్ల మీదే ఉన్నారనుకుంటున్నాను. ఇంకా ట్యూబు మీదే రేసు చేస్తుంటే మిగతా సలహాలన్నీ పక్కన పెట్టి ముందు ఆ మార్పు చేసుకోండి. తక్కువ గాలితో రాళ్ల మీద తొక్కేటప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడే బాధ దానితోనే పోతుంది.

బుస్సుమన్న చప్పుడు వినగానే దిగి పంపు తీయకండి. మొదట చిల్లు ఎక్కడుందో చూసి, దాన్ని కిందికి తిప్పి పట్టుకోండి. సీలెంట్ ద్రవం కిందికే చేరుతుంది కాబట్టి చిల్లు కింద ఉంటేనే అది అక్కడికి వెళ్లి గడ్డకడుతుంది. పది సెకన్లు. ముల్లు గుచ్చినంత చిల్లయితే అక్కడే మూసుకుపోతుంది. ఆ పది సెకన్లు ఓపిక పట్టలేక ఉన్న గాలంతా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను, నేనూ అందులో ఒకణ్ని. ముల్లు ఇంకా దిగబడి ఉంటే ప్లగ్ చేతిలోకి వచ్చేదాకా దాన్ని పీకొద్దు. అది ముల్లే అయినా ప్రస్తుతానికి బిరడా పని చేస్తోంది.

సీలెంట్ మూయలేని చిల్లుకు ప్లగ్. జిగురు పూసిన చిన్న పట్టీని సూదిలాంటి దానితో లోపలికి గుచ్చి, ఒక సెంటీమీటరు కొస బయటికి ఉండేలా వదిలేయడమే. చేయి తిరిగినవాళ్లకు అర నిమిషం, కొత్తవాళ్లకు రెండు నిమిషాలు. చిల్లు త్వరగా దొరికితే టైరులో కొంత గాలి మిగిలే ఉంటుంది, మళ్లీ కొట్టాల్సిన పనే ఉండకపోవచ్చు. ప్లగ్‌లో సన్నం, లావు రెండు సైజులు వస్తాయి. లావుదే తీసుకోండి. సన్న ప్లగ్‌తో మూసుకునే చిల్లును చాలాసార్లు తాజా సీలెంటే మూసేస్తుంది. పెద్ద కోతకు ఒకటి చాలకపోతే దాని పక్కనే రెండోది, మూడోది గుచ్చొచ్చు.

ప్లగ్ ఓడిపోయే చోట్లు రెండు. టైరు పక్కగోడ మీద రాయి కోసిన పొడవాటి చీలిక ఒకటి. రిమ్ములో కూర్చునే అంచు దగ్గర పడిన చిల్లు రెండోది. ఆ రెండు చోట్లా ట్యూబే దిక్కు. చీలిక పెద్దదయితే ట్యూబు అందులోంచి బుడగలా బయటికి ఉబికి పగులుతుంది, కాబట్టి లోపల ఒక అతుకు కూడా వేయాలి. పాత టైరు నుంచి కోసిన అగ్గిపెట్టెంత ముక్క దీనికి బంగారం. అది లేకపోతే జెల్ కవరును మడతలు పెట్టి వాడొచ్చు, కొంతదూరం ఆదుకుంటుంది.

ట్యూబు వేయడం రేసులో ఎంత కష్టమో ఇంట్లో కూర్చుంటే తెలియదు. టైరు విప్పాలి, సీలెంట్ చేతులకంతా అంటుకుంటుంది, ట్యూబ్‌లెస్ వాల్వు తీసేయాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుపోతారు. వాల్వు నట్టును ఇంట్లో శ్రావణంతో బిగించి ఉంటారు, దారి పక్కన వేళ్లకు అది లొంగదు. రేసుకు ముందే దాన్ని వేళ్లతో తిప్పగలిగేంత బిగువులో ఉంచుకోండి. ఇంకో మాట. ట్యూబ్‌లెస్ టైరులో నెలల తరబడి గుచ్చుకున్న ముళ్లు సీలెంట్ పుణ్యమా అని మీకు తెలియకుండా లోపల మొనలు చాచి ఉంటాయి. వాటిని తడిమి తీయకుండా ట్యూబు వేస్తే ఐదు నిమిషాల్లో అదీ పంక్చర్. నాకు అచ్చంగా అలాగే జరిగింది. ఒకే టైరుకు రెండుసార్లు ఆగి, రెండోసారి వేయడానికి ట్యూబు లేక, మిగతా దారంతా తోసుకుంటూ వచ్చాను. మొత్తం మీద ట్యూబు మార్పుకు ఆరేడు నిమిషాలు పెట్టుకోండి, అదీ చేయి తిరిగితే.

ట్యూబుల్లోనూ ఎంపిక ఉంది. మామూలు రబ్బరు ట్యూబు 29 అంగుళాల చక్రానికి రెండు వందల గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, మొరటుగా లాగినా తట్టుకుంటుంది. పాలియురేథేన్‌తో చేసిన పల్చటి ట్యూబు అందులో సగం కంటే తక్కువ తూగుతుంది, గుప్పిట్లో పడుతుంది. ఎప్పుడో అవసరపడే వస్తువు కాబట్టి నేను పల్చటిదే మోస్తాను. కాకపోతే టైరులో పెట్టకముందు దానికి ఎక్కువ గాలి పట్టించకూడదు, సాగిపోతే మళ్లీ మామూలు ఆకారానికి రాదు. సిలిండర్ గాలి పనికొస్తుందో లేదో దాని పెట్టె మీద చదివి తెలుసుకోండి, తయారీదారును బట్టి మారుతుంది.

ఇక ఇన్సర్ట్. టైరు లోపల రిమ్ముని చుట్టి కూర్చునే నురుగు పట్టీ అది. చక్రానికి వంద నుంచి రెండు వందల యాభై గ్రాముల వరకు బరువు పెంచుతుంది. దానికి బదులుగా రాయి దెబ్బకు రిమ్ము సొట్ట పడకుండా కాపాడుతుంది. గాలి పూర్తిగా పోయినా జోన్ దాకా తొక్కుకెళ్లనిస్తుంది. జోన్‌లో చక్రం సిద్ధంగా ఉన్న రైడరుకు దీనంత మంచిది లేదు. ఒంటరిగా మారథాన్ చేసేవాడికి మాత్రం నేను అంత గట్టిగా చెప్పను. ఆ ఇన్సర్ట్ ఉన్న టైరును అడవిలో చేత్తో విప్పి ట్యూబు వేయడం నరకం, పైగా తీసిన ఆ పట్టీని మెడలో వేసుకుని తొక్కాలి. రాళ్లు దట్టంగా ఉన్న దారయితే వెనక చక్రానికి ఒక్కదానికే వేసుకోవడం నాకు నచ్చిన మధ్యేమార్గం. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది, దెబ్బలూ దానికే ఎక్కువ.

చిన్న చిల్లు చూసి కంగారుపడి నేరుగా ట్యూబు తీసేవాళ్లకు ఒకటే చెబుతాను, గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకండి. ముందు సీలెంట్, తర్వాత ప్లగ్, ఆ రెండూ ఓడిపోయాకే ట్యూబు.

గాలి: సిలిండరా, పంపా

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు సాధారణంగా 16, 20, 25 గ్రాముల్లో వస్తాయి. రోడ్డు సైకిల్ వాళ్లను చూసి 16 గ్రాములది కొనేవాళ్లు ఎక్కువ. లెక్క చూద్దాం. 29 అంగుళాల, 2.3 వెడల్పు టైరులో పట్టే చోటు సుమారు ఐదున్నర, ఆరు లీటర్లు. 16 గ్రాముల వాయువు విడుదలయ్యాక తొమ్మిది లీటర్లకు కాస్త తక్కువ. అంటే ఖాళీ టైరులో 20 పీఎస్‌ఐ పీడనానికి కొంచెం పైన మాత్రమే వస్తుంది, అదీ ఒక్క బుస్సు కూడా వృథా కాకపోతే. తేలికైన రైడరు జాగ్రత్తగా తొక్కితే సరిపోతుంది. 25 గ్రాములది అదే టైరును 35 దగ్గరికి తీసుకెళ్తుంది, కొంత వృథా అయినా రేసు పీడనం మిగులుతుంది. ఊడిన టైరు అంచును మళ్లీ రిమ్ములో కూర్చోబెట్టాలంటే ఒక్కసారిగా తోసుకొచ్చే ఆ గాలే కావాలి. మౌంటెన్ బైక్‌కు నా ఎంపిక 25. జోన్ దగ్గరుండి, కొసరు గాలి మాత్రమే కావాల్సిన రేసుకయితే 16.

సిలిండర్ వాడేటప్పుడు వాల్వును పైకి తిప్పుకోండి. వాయువు బయటికొచ్చేటప్పుడు గడ్డకట్టేంత చల్లబడుతుంది, వాల్వు కింద సీలెంట్ మడుగు ఉంటే దాన్ని అక్కడికక్కడే పెరుగులా విరిచేయొచ్చు. చేతికి తొడుగు లేకుండా లోహాన్ని పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. రేసు అయ్యాక ఆ గాలి తీసేసి మామూలు గాలి కొట్టండి, కార్బన్ డయాక్సైడ్ రబ్బరులోంచి త్వరగా జారిపోతుంది. దశలవారీ రేసుల్లో ఈ సంగతి మర్చిపోయి మర్నాడు పొద్దున్నే మెత్తబడ్డ టైరు చూసి కొత్త పంక్చర్ అనుకుని వెతుక్కునేవాళ్లున్నారు.

సిలిండర్ తప్పు చేయనివ్వదు, అదే దాని లోపం. వణుకుతున్న చేతులతో తల సరిగ్గా కూర్చోకముందే తిప్పితే గాలంతా గాలిలో కలుస్తుంది. ప్లగ్ సరిగ్గా పట్టకపోయినా అంతే. పంక్చర్ అయిన బాధ మీద ఖాళీ సిలిండర్, పులి మీద పుట్ర. పంపుకు రెండు మూడు వందల పోట్లు పడతాయి, నాలుగైదు నిమిషాలు పోతాయి, చేతులు పీక్కుపోతాయి. అయినా ఎన్నిసార్లు పొరపాటు చేసినా మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అందుకని, ల్యాప్ రేసుకు ఒక సిలిండర్, లేదా రెండు. మారథాన్‌కు ఒక సిలిండర్‌తో పాటు చిన్న పంపు. సిలిండర్లు మూడు మోసుకునే బదులు ఒకటి తగ్గించి పంపు పెట్టుకోవడం ఎప్పుడూ మేలు. 25 గ్రాముల సిలిండర్ ఉక్కు డొక్కుతో కలిపి వంద గ్రాముల దాకా తూగుతుంది, అదే బరువులో మంచి చేతి పంపు దొరుకుతుంది. ఈమధ్య అరచేతిలో ఇమిడే బ్యాటరీ పంపులు వస్తున్నాయి. పీడనం తక్కువ చాలు కాబట్టి మన టైర్లకు బాగానే పనికొస్తాయి. కానీ ఛార్జింగ్ అయిపోతే అది జేబులో రాయి, కాబట్టి దాన్ని నేను సిలిండర్ స్థానంలో పెడతాను కానీ చేతి పంపు స్థానంలో పెట్టను.

చైను తెగితే

తెగిన చైను కొసల్ని కలిపే క్విక్ లింకు ఒక్కటే మోస్తే చాలదు. తెగిన చైను కొసన వంగిన ముక్క వేలాడుతూ ఉంటుంది, దాన్ని తీయడానికి చైను కట్టర్ కావాలి. కట్టర్ ఒక్కటే ఉన్నా చాలదు. ఈకాలపు 12 గేర్ల సన్నటి చైనులో పాత పిన్నునే మళ్లీ దూర్చితే అది నిలవదు. రెండూ కలిపితేనే ఒక పనిముట్టు. లింకు మీ చైను రకానిదే అయి ఉండాలి. స్రామ్, షిమానో కంపెనీల 12 గేర్ల చైన్లకు వేటి లింకు వాటికే, స్రామ్‌లోనే పైభాగం బల్లపరుపుగా ఉండే చైనుకు లింకు వేరు.

చైనులో వెడల్పు లింకు ఒకటి, ఇరుకు లింకు ఒకటి, ఇలా మారుతూ ఉంటాయి. క్విక్ లింకు వెడల్పు లింకు స్థానంలో కూర్చుంటుంది, కాబట్టి రెండు కొసలూ ఇరుకువే మిగలాలి. తెగింది బయటి పలక అయితే దాన్ని తీసేసి క్విక్ లింకు వేస్తే చైను పొడవు ఒక్క పిసరు కూడా తగ్గదు. లోపలి ఇరుకు లింకు పాడైతే దానితో పాటు రెండు పక్కలా ఉన్న వెడల్పు లింకులూ తీయాలి, చైను ఒక అంగుళం కురచవుతుంది. అప్పుడు వెనక అన్నిటికన్నా పెద్ద గేరు జోలికి వెళ్లకండి. కురచ చైను అక్కడ బిగుసుకుంటే డీరైలర్‌ను పీకేస్తుంది. ఎత్తు మీద అలవాటుగా వేలు అటే పోతుంది కాబట్టి, గేరు లివరు మీద చిన్న టేపు ముక్క అంటించుకోవడం నా పద్ధతి.

లింకును పైవరుసకు తెచ్చి, వెనక బ్రేకు పట్టి, పెడల్‌ను గట్టిగా నొక్కితే టక్కుమని పడుతుంది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు.

మిగిలిన దారంతా దిగుడే అయితే? బాగుచేయకండి. చైను తీసి జేబులో కుక్కుకుని దిగిపోండి. 2015లో లియోగాంగ్ డౌన్‌హిల్ ప్రపంచ కప్ రేసులో ఆరన్ గ్విన్ చైను బయల్దేరగానే తెగింది, ఆయన పెడల్ తొక్కకుండానే ఆ రేసు గెలిచాడు. మన దారి ఆయన దారంత నిట్టనిలువుగా ఉండదు. అయినా గీతకు ముందు రెండు కిలోమీటర్ల వాలు ఉంటే మూడు నిమిషాలు ఆగి చైను కలపడం వల్ల వచ్చేదేమీ లేదు.

డీరైలర్ వంగితే: హ్యాంగరా, సింగిల్ స్పీడా

కొమ్మ ఇరుక్కున్నా, రాయికి కొట్టుకున్నా ముందు వంగేది హ్యాంగర్. మెత్తటి అల్యూమినియంతో దాన్ని కావాలనే బలి పశువుగా చేశారు, ఫ్రేము బతకాలని. ఇది వంగినప్పుడు మూడు దార్లున్నాయి.

చేత్తో వెనక్కి వంచడం మొదటిది. కొద్దిగా వంగితే అర నిమిషంలో పనవుతుంది. గేర్లు తడబడతాయి, పర్లేదు. కానీ వెనక పెద్ద గేర్లు రెండింటినీ మర్చిపోవాలి. వంగిన డీరైలర్ అక్కడ చువ్వల్లోకి వెళ్తే చక్రం, డీరైలర్, ఒక్కోసారి ఫ్రేము కూడా పోతాయి. అల్యూమినియం ఒకసారి వంగాక రెండోసారి విరుగుతుందని కూడా గుర్తుపెట్టుకోండి.

రెండోది, కొత్త హ్యాంగర్ వేయడం. ఇరవై ముప్ఫై గ్రాముల ముక్క ఇది. ఒకప్పుడు ఫ్రేముకొక ఆకారం. 2019లో స్రామ్ తెచ్చిన యూడీహెచ్ హ్యాంగర్ వచ్చాక చాలా ఫ్రేములకు అదే సరిపోతోంది, తోటి రైడరు దగ్గర అప్పు దొరికే అవకాశం కూడా పెరిగింది. ఒక చిక్కు ఉంది. దాని బోల్టుకు 8 మి.మీ. అలెన్ కీ కావాలి, చిన్న మల్టీటూల్స్ చాలావాటిలో అది ఉండదు. ఆ బోల్టు మరలు కూడా ఎదురు దిక్కు. దారి పక్కన కంగారులో విప్పుతున్నామనుకుని బిగించేస్తాం. ఇంట్లో ఒకసారి విప్పి చూడండి. 2023లో వచ్చిన స్రామ్ ట్రాన్స్‌మిషన్ గేర్లకు అసలు హ్యాంగరే లేదు, డీరైలర్ నేరుగా ఫ్రేముకు బిగుస్తుంది. మీది అదయితే ఈ ముక్క మోయాల్సిన పని లేదు.

మూడోది, డీరైలర్‌ను తప్పించి చైను కురచ చేసి ఒకే గేరుతో తొక్కడం. వినడానికి వీరోచితంగా ఉంటుంది. వెనక సస్పెన్షన్ లేని సైకిల్ మీద, మధ్య గేరులో చైను తిన్నగా పడేలా చూసుకుంటే ఇంటికి చేరుస్తుంది. పూర్తి సస్పెన్షన్ సైకిల్ మీద మాత్రం జాగ్రత్త. షాక్ నొక్కుకున్నప్పుడల్లా క్రాంకుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది, బిగుతుగా వేసిన చైను తెగుతుంది, వదులుగా వేస్తే జారిపోతుంది. షాక్‌ను లాక్ చేసి, మెల్లగా తొక్కడమే గతి. ఈ పనికి పది నిమిషాలపైనే పడుతుంది. కొత్త హ్యాంగర్ వేయడానికీ దాదాపు అంతే సమయం, కానీ ఆ తర్వాత గేర్లన్నీ మీవి. కాబట్టి గంట దాటిన ఏ రేసులోనైనా నాతో హ్యాంగర్ ఉంటుంది. సింగిల్ స్పీడు సంగతి డీరైలరే విరిగిన రోజు చూస్తాను.

గేరు కేబుల్ తెగితే చైను అన్నిటికన్నా చిన్న గేరులోకి పడిపోతుంది, ఎత్తు ఎక్కలేరు. డీరైలర్ మీద హెచ్ అక్షరం ఉన్న స్క్రూను లోపలికి తిప్పితే ఒకటి రెండు గేర్లు పైకి నిలబెట్టొచ్చు. వైర్‌లెస్ స్రామ్ గేర్లలో బ్యాటరీ అయిపోతే, సీటు ఎత్తు మార్చే పోస్టు కూడా స్రామ్ వైర్‌లెస్‌దే అయితే దాని బ్యాటరీ తీసి డీరైలర్‌కు వేయండి, రెండూ ఒకటే. సీటు ఎత్తు తొక్కేందుకు సరిపడా ఉంచి తీయడం మర్చిపోవద్దు.

బ్రేకు, చువ్వలు, బోల్టులు

రోటర్ అనే బ్రేకు పళ్లెం వంగి రాసుకుంటుంటే చేత్తో సరిచేయొచ్చు, కాలిపోయేంత వేడిగా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. చక్రం తీసినప్పుడు లివరు నొక్కేసి ప్యాడ్లు దగ్గరికి అంటుకుపోతే ప్లాస్టిక్ టైరు లివరుతో మెల్లగా విడదీయండి. విరిగిన చువ్వను పక్క చువ్వకు చుట్టేసి కదలండి. క్రాంకు ఊగుతుంటే వెంటనే ఆగి బిగించండి, అలాగే తొక్కితే అది మళ్లీ పనికిరాదు. 4, 5, 6 అలెన్ కీలు, నక్షత్రపు తల టీ25 కీ ఉన్న టూలుతో ఈ చిల్లర పనులు చాలావరకు అవుతాయి. బ్రేకు నూనె కారుతుంటే మాత్రం పోలికలూ ఎంపికలూ లేవు. అక్కడితో రేసు ఆపేయండి. స్థానం కోసం ఒక్క బ్రేకుతో కొండ దిగిన మనిషిని మళ్లీ చూడాలని నాకు లేదు.

అక్కడే ఆగాలా, జోన్ దాకా పరుగెత్తాలా

సైకిల్ తోసుకుంటూ గతుకుల దారిలో కిలోమీటరు పరుగెత్తడానికి నాకు ఎనిమిది నిమిషాలు పడుతుంది, ఎత్తయితే ఇంకా ఎక్కువ. మీది ఒకసారి కొలిచి చూసుకోండి. ఆ అంకె తెలిస్తే నిర్ణయం దానంతటదే వస్తుంది. ప్లగ్‌తో పోయే పంక్చర్‌కు ఎప్పుడూ అక్కడే ఆగాలి. ట్యూబు వేయాల్సినదయితే, జోన్ అర కిలోమీటరు లోపు ఉండి అక్కడ చక్రం ఉంటే పరుగెత్తాలి. జోన్ వెనకే ఉంది కదా అని దారికి ఎదురు తిరిగి వెళ్లకండి, నియమం ఒప్పుకోదు, ఎదురొచ్చేవాళ్లకు ప్రమాదం.

గాలి పోయిన చక్రం వెనకది అయితే, ఇన్సర్ట్ ఉంటే, బరువు ముందుకు వేసి మెల్లగా తొక్కొచ్చు. ముందుది అయితే చదునులో తప్ప తొక్కొద్దు, మలుపులో టైరు రిమ్ము మీంచి జారి మనిషిని నేలకేస్తుంది. పిడ్‌కాక్‌ను చూసి మనమూ చేయొచ్చనుకోకండి, ఆయన చేతుల్లో ఉన్న అదుపు ప్రపంచంలో కొద్దిమందికే ఉంది.

బాగుచేసుకునేటప్పుడు దారి పక్కకు, వచ్చేవాళ్లకు కనిపించే చోటుకు వెళ్లండి. మలుపు తిరగగానే కింద కూర్చున్న మనిషి ఎదురైతే వెనకవాడికి ఆపుకునే వ్యవధి ఉండదు.

ఎక్కడ పెట్టుకోవాలి

ప్లగ్ చేతికి మొదట అందాలి. హ్యాండిల్ గొట్టం కొసన దూర్చుకునే ప్లగ్ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు, ఒంటికి గుచ్చుకునే భయం కూడా లేదు. సిలిండర్, ట్యూబు సీటు కింద గట్టి పట్టీతో కట్టేయొచ్చు. ట్యూబును సన్నటి ప్లాస్టిక్‌లో చుట్టండి, లేకపోతే నెలల పాటు రాపిడికి అక్కడే చిల్లు పడుతుంది. టూలు, చైను కట్టర్ లాంటి గట్టి లోహపు వస్తువులు వీపు మీది జేబుల్లో వద్దు. పడినప్పుడు వెన్నెముకకు తగిలేది అవే. క్విక్ లింకును మాత్రం బ్రేకు కేబుల్‌కు టేపుతో అంటించేయండి. గోరంత వస్తువు, సంచిలో వేస్తే అవసరమైన రోజు దొరకదు.

రేసుకు వారం ముందు ఒక సాయంత్రం గంట సేపు గట్టిగా తొక్కి, చెమటతో, రొప్పుతూ, తొడుగులు తీయకుండా గడియారం పెట్టుకుని వెనక చక్రానికి ట్యూబు వేయండి. మీరు మోసుకెళ్లబోయే సంచిలోని వస్తువులతోనే, దారి పక్కన మట్టిలో కూర్చుని. ఎన్ని నిమిషాలు పట్టిందో, చేతికి ఏది అందలేదో రాసుకోండి. నేను మొదటిసారి చేసినప్పుడు పదిహేడు నిమిషాలు పట్టింది. సంచిలో టైరు లివర్లు లేవని ఆ రోజే తెలిసింది.